కౌలుదారు మనిషి

రేపల్లె పక్క పల్లెలో పరుపులు కుట్టే ముసలి సాయిబు పోయాడని కబురొస్తే, పొద్దున్నే తెనాలిలో పాసింజరెక్కి వెళ్ళాను. మా ఇంట్లో దిండ్లూ పరుపులూ ముప్పై ఏళ్ళు ఆయనే ఏకి కుట్టాడు. ఎప్పుడు చూసినా కనుబొమల మీద దూది నుసి ఉండేది. నేను వెళ్ళేసరికి గుసుల్, అంటే శవస్నానం, అయిపోయింది. మూడు తెల్లగుడ్డల కఫన్ చుట్టి జనాజాను ఖబరస్తాన్ ముందు చదునులో దించారు. నమాజుకు వరసలు కట్టాక ఇమాం వెనక్కి తిరిగి తెలుగులోనే అడిగాడు.

"ఈయన ఎవరికన్నా బాకీ ఉంటే ఇప్పుడే చెప్పండయ్యా, కొడుకులు తీరుస్తారు. ఈయన మాట వల్ల ఎవరి మనసన్నా నొచ్చుకుని ఉంటే మాఫ్ చెయ్యండి."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాలాగే పక్కన నిలబడ్డ బట్టలకొట్టాయన రెండడుగులు ముందుకొచ్చాడు. "పరుపు గుడ్డ తాలూకు కొంత ఉంది. అడగటానికి రాలేదు నేను. చెప్పమన్నారు గనక చెబుతున్నా" అన్నాడు. పెద్దకొడుకు తలూపి, "తెలుసు బాబాయ్, అమ్మ చెప్పింది. నేనిస్తా" అన్నాడు. అప్పుడు గానీ నమాజు మొదలవలేదు. జనాజా నమాజులో వంగడాలు, నేలకు నుదురు ఆనించడాలు ఉండవు. నిలబడే నాలుగు తక్బీర్లు, అంటే నాలుగుసార్లు అల్లాహు అక్బర్ అని, చెబుతారు. అయిదు నిమిషాల్లో అయిపోయింది.

ఈ ఆచారానికి మూలం మదీనాలో ఉంది. శవాన్ని తెస్తే ముహమ్మద్ ప్రవక్త ముందు అడిగిన ప్రశ్న, ఈయనకు అప్పులున్నాయా అని. తీర్చే దారి లేదంటే తాను నమాజు చదివించకుండా ఆగిపోయిన సందర్భం హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే ఉల్లేఖనాల్లో, ఉంది. ఒక అనుచరుడు ఆ అప్పు నాదని మీద వేసుకున్నాకే ఆయన ముందు నిలబడ్డారు. తిరుగు రైల్లో నా బుర్రలో తిరిగింది ఒకటే. చచ్చిపోయినవాడి బాకీ తేలనిదే ప్రార్థన మొదలుపెట్టని ఈ మతం, అసలు మనిషిని ఏమనుకుంటోంది?

దానికి నాకు దొరికిన దారి మన డెల్టాలో రోజూ వాడే మాటలోనే ఉంది. కౌలు. తెనాలి నుంచి చెరుకుపల్లి మీదుగా రేపల్లె దాకా, ఇటు చందోలు, కర్లపాలెం దాటి బాపట్ల దాకా, కాలవ కింద వరి వేసేవాళ్ళలో చాలామంది కౌలుదార్లే. ఆ మాట అరబీ 'ఖౌల్' నుంచి మనకొచ్చింది. ఖౌల్ అంటే మాట. ఇచ్చిన మాట. నవాబుల నాటి కచేరీల్లో రాసిచ్చే హామీపత్రాన్నీ కౌలనే అనేవారు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లి రేవులో 1244లో కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు వేయించిన అభయశాసనం కూడా ఆ అర్థంలో కౌలే, పేరు మాత్రం వేరు. కౌలుదారుకు పొలం సొంతం కాదు. సొంతమైంది ఇచ్చిన మాట ఒక్కటే. ఎకరాకు ఇన్ని బస్తాలని ఒప్పుకుని, గడువు లోపల దుక్కి దున్ని, పంట తీసి, లెక్క అప్పజెప్పాలి. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ఇచ్చే పత్రానికి గడువు 11 నెలలు. ఆ పత్రంతో భూమి మీద యాజమాన్యం రాదు.

ఇస్లాం చూపులో మనిషి బతుకు ఇంచుమించు ఇలాంటిదే. కౌలుదారు పోలిక నాది. ఖురాన్ వాడే మాట ఖలీఫా. రాజుల బిరుదుగా మారకముందు దానికి అర్థం, ఒకరి తరఫున, ఒకరి తర్వాత బాధ్యత చూసేవాడు. భూమ్మీద ఖలీఫాను నిలుపుతున్నానని అల్లాహ్ దేవదూతలకు చెప్పినప్పుడు వాళ్ళు వెంటనే సందేహపడ్డారు. నెత్తురు పారించేవాణ్ణా, కల్లోలం రేపేవాణ్ణా అక్కడ పెట్టేది అని. ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే. దేవుడు ఆ మాటను కాదనలేదు, మనిషి నెత్తురు పారించడని చెప్పలేదు. మీకు తెలియనిది నాకు తెలుసన్నాడు. తర్వాత ఆదముకు సమస్త వస్తువుల పేర్లు నేర్పాడు. దేవదూతలు చెప్పలేకపోయిన పేర్లను ఆదము చెప్పాడు. అంటే మనిషి గొప్పతనం పవిత్రుడు కావడంలో లేదు, ఆ విషయంలో దేవదూతలే ముందున్నారు. నేర్చుకోగలగడంలో, పేరు పెట్టి పిలవగలగడంలో ఉంది.

మాట ఇవ్వడం అంతకంటే వెనకటి సంగతి. ఇంకా పుట్టని మనుషులందరి ఆత్మలనూ నిలబెట్టి, మీ ప్రభువును నేను కానా అని అడిగితే, అవునని అందరూ ఒప్పుకున్నారని ఖురాన్ ఏడో అధ్యాయం చెబుతుంది. అక్కడ 'వాళ్ళు అన్నారు' అనడానికి వాడిన అరబీ క్రియ 'ఖాలూ'. మన కౌలుకూ దానికీ ధాతువు ఒకటే. సూఫీలు ఆ రోజును తలుచుకుని ఎన్నో కీర్తనలు కట్టుకున్నారు. మనిషి పుట్టడమే ఒక మాట ఇచ్చి పుట్టాడు. ఆ మాట జ్ఞాపకం లేకపోయినా దాని ఆనవాలు లోపల ఉంటుంది. దాన్నే ఫిత్రత్ అంటారు. తప్పు చేసిన రాత్రి ఎవరూ చూడకపోయినా నిద్రపట్టనివ్వనిది అదే.

ఖురాన్‌లోనే మరో చోట ఇంకా బరువైన మాట ఉంది. ఒక అమానతును ఆకాశాల ముందు, భూమి ముందు, కొండల ముందు పెడితే అవి భయపడి మేము మొయ్యలేమన్నాయి. మనిషి ఎత్తుకున్నాడు. అమానతు అంటే దాచమని అప్పగించిన సొమ్ము, మన పాత దస్తావేజుల్లోనూ కనిపించే మాటే. మంచిచెడ్డలు ఎంచుకునే స్వేచ్ఛ, దానికి జవాబు చెప్పే బాధ్యత అని పండితులు దానికి అర్థం చెబుతారు. కొండ తప్పు చెయ్యలేదు, అందుకని దానికి విచారణ లేదు. మనిషికి ఉంది.

ఇక మట్టి. ఖురాన్ మనిషి పుట్టుక చెప్పేటప్పుడు ఒకచోట దుమ్ము అంటుంది, ఒకచోట జిగట బంకమన్ను అంటుంది, ఒకచోట తడితే కుండలా మోగే ఎండుమట్టి అంటుంది. తెనాలి నల్లరేగడిని ఎరిగినవాడికి ఇవి మూడు వేర్వేరు మట్టులుగా తోచవు. తొలకరిలో కాలు ఊడిరానివ్వకుండా పట్టేసేదీ, ఎండల్లో చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చేదీ, కుమ్మరి సారె మీద ఎక్కి ఆరితే మోగేదీ ఒకటే మన్ను. ఆదమును భూమి నలుమూలల మట్టీ కలిపి తీసిన గుప్పెడుతో చేశాడని, అందుకే మనుషుల్లో నలుపూ తెలుపూ ఎరుపూ, మెత్తనివాళ్ళూ కటువైనవాళ్ళూ వచ్చారని హదీసు. తెనాలి రేగడి, బాపట్ల ఇసుక, నిజాంపట్నం వైపు ఉప్పుచౌడు అన్నీ ఆ గుప్పెట్లో ఉన్నాయనుకోవచ్చు. ఆ మట్టిలోకి అల్లాహ్ తన తరఫు రూహును, ప్రాణశ్వాసను, ఊదాడు. దేహం తక్కువదనీ ఆత్మ గొప్పదనీ ఇక్కడ వేరుచేయరు. అందుకే శవాన్ని కూడా పసిబిడ్డను కడిగినట్టు గోరువెచ్చని నీళ్ళతో, మెల్లిగా, మరుగుచాటున కడుగుతారు. చనిపోయినవాడి ఎముక విరవడం బతికున్నవాడి ఎముక విరిచినంత తప్పని ప్రవక్త మాట.

ఆ మట్టిబొమ్మ ముందు సాగిలపడమని దేవుడంటే ఇబ్లీసు, అంటే సైతాను, మొరాయించాడు. నేను నిప్పు నుంచి పుట్టాను, వీడు మట్టి నుంచి పుట్టాడు, నేనే మేలు అన్నాడు. వాడి వాదం ఇంతే. వాడు దేవుడు లేడనలేదు. పుట్టుకను బట్టి తాను ఎక్కువన్నాడు. అందుకే, పుట్టుక చూసి మనిషిని తూచినవాళ్ళలో మొదటివాడు ఇబ్లీసు అంటాను. మన దేశంలో కులం పేరు అడిగే ప్రతివాడికీ ఈ కథ చెప్పాలని నాకుంటుంది.

ఆదము దంపతులిద్దరూ జారారు. ఖురాన్ ఆ తప్పును ఆవిడ ఒక్కదాని నెత్తిన పెట్టదు. ఇద్దరూ తప్పు ఒప్పుకున్నారు, ఇద్దరికీ క్షమాపణ దొరికింది, సంగతి అక్కడితో తీరిపోయింది. బిడ్డలకు ఆ పాపం వారసత్వంగా రాలేదు. చర్చికి వెళ్ళే మన బాపట్ల వైపు పాఠకులకు ఇక్కడ తేడా తెలుస్తుంది. కర్మసిద్ధాంతం నమ్మేవాళ్ళకూ తెలుస్తుంది. ఇస్లాంలో గతజన్మ లేదు. గుడ్డిగా పుట్టినవాడు, పేదింట్లో పుట్టినవాడు వెనకటి బాకీ మోస్తున్నట్టు కాదు. ప్రతి బిడ్డా ఖాళీ పద్దుతో వస్తాడు. తర్వాత రాసుకునేది వాడే.

రాసుకునే లోపలి మనిషిని నఫ్స్ అంటారు. ఖురాన్ దాన్ని మూడు తీరుల్లో చూపిస్తుంది. చెడుకు ఉసిగొల్పేది, తనను తాను నిందించుకునేది, నెమ్మదించినది. ఇవి ముగ్గురు మనుషులు కారు. ఒకే మనిషి ఒకే రోజులో మూడూ కావచ్చు.

ఆ ముసలాయన దూది ఏకుతుంటే గంటలకొద్దీ కూర్చుని చూసేవాణ్ణి. పైనుంచి వేలాడే పెద్ద విల్లు, దానికి బిగించిన నరం, చేతిలో కొయ్యగుండు. పదేళ్ళు ఒళ్ళు మోసి గట్టిపడి అట్టకట్టిన పాత దూది ముందుంటుంది. నరాన్ని దూదిలోకి ఆనించి గుండుతో కొడితే టుంగుమని మోగేది. ఒక్కో దెబ్బకు కొంచెం కొంచెం విచ్చుకునేది. దుమ్మూ గింజల పొట్టూ కిందకు రాలేవి, దూది పైకి లేచేది. కొత్త దూది కలపమంటే అక్కర్లేదనేవాడు. "దూది పాడవదు బాబూ, ముడుచుకుంటది అంతే. విప్పితే మళ్ళీ దూదే" అనేవాడు. ఇస్లాం తౌబా గురించి చెప్పేదీ ఇదే. తౌబా అంటే మరలి రావడం. పుట్టుకతో ఉన్న మెత్తదనం ఎక్కడికీ పోలేదు, గట్టిపడింది. కొట్టి విప్పాలి.

922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ పేరులో హల్లాజ్ అంటే దూదేకులవాడు అని అర్థం. ఖురాన్ నూట ఒకటో అధ్యాయంలో ప్రళయదినాన కొండలు ఏకిన ఉన్నిలా ఎగిరిపోతాయని ఉంది. ఆ వెంటనే త్రాసు ప్రస్తావన వస్తుంది. కొండలే ఏకినట్టు తేలిపోయే రోజున బరువు తూగేది మనిషి చేసిన పని. ఆ పోలిక ఏ పండితుడికంటే కూడా మన రేపల్లె దూదేకులవాళ్ళకు బాగా అందుతుంది.

వీళ్ళ సంగతి చెప్పకుండా మన ప్రాంతంలో ఇస్లాం గురించి రాయడం నా దృష్టిలో అసంపూర్ణం. దూదేకుల, నూర్‌బాషా, లద్దాఫ్, పింజారి అని వీళ్ళను పిలుస్తారు. ఇంటి భాష తెలుగు, సర్కారు జాబితాలో బి.సి.-బి వర్గం. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణాది కులాల పుస్తకంలో వీళ్ళ తెలుగు ఆచారాలను రాసుకున్నాడు. ఊళ్ళో అందరూ సాయిబులంటారు, ఉర్దూ మాట్లాడే సాటి ముస్లింలలో కొందరేమో వీళ్ళను పూర్తిగా తమవాళ్ళుగా ఒప్పుకోరు. తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా అని ఒక సామెత ఉంది. ఆ సామెత పుట్టిన నోరు ఇబ్లీసు పాఠం చదువుకున్న నోరు. బుర్రకథను ఊరూరా మోగించిన షేక్ నాజర్ 1920లో పొన్నెకల్లులో ఈ ఇళ్ళలోనే పుట్టాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. తన ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరు 'పింజారి'. లోకం తక్కువచేసి పిలిచిన పేరునే తలకెత్తుకున్నాడు.

సిద్ధాంతం ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది. మిమ్మల్ని ఒక పురుషుడు, ఒక స్త్రీ నుంచి పుట్టించి జాతులుగా, తెగలుగా చేసింది ఒకర్నొకరు ఎరగడానికేనని, అల్లాహ్ దగ్గర ఎక్కువ గౌరవం ఎక్కువ దైవభీతి గలవాడికేనని ఖురాన్ భావం. 632లో ఆఖరి హజ్ సందర్భంలో ప్రవక్త అరబ్బుకు అరబ్బు కానివాడి మీద, తెల్లవాడికి నల్లవాడి మీద ఏ ఆధిక్యమూ లేదన్నారు. అంతకు రెండేళ్ళ ముందు, మక్కా వశమైన రోజున, కాబా పైకెక్కి అజాన్ పిలిచింది బిలాల్. నల్లని మనిషి, ఒకప్పటి బానిస. మక్కా పెద్దలు కొందరు మొహం చిట్లించారు. వాళ్ళ వారసులు ఇప్పటికీ ఉన్నారు, పెళ్ళి సంబంధాల దగ్గర ఎక్కువ కనిపిస్తారు. మసీదులో వరస ఒకటే. ముందొచ్చినవాడు ముందు నిలబడతాడు, భుజానికి భుజం తగలాలి. ఆ వరస గుమ్మం దాటి బయటకు రాకపోవడమే ముస్లిం సమాజం తీర్చవలసిన బాకీ.

తెనాలిలో కూర్చుని మనిషి గురించి రాసేటప్పుడు ఇంకో సంప్రదాయాన్ని పలకరించకుండా పోలేం. హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం ఇక్కడిది. ఎం.ఎన్.రాయ్ నవ్యమానవవాదాన్ని తలకెత్తుకున్న ఆవుల గోపాలకృష్ణమూర్తి ఇక్కడి వకీలు. వాళ్ళకు మనిషే మూలం, మనిషిని మించిన యజమాని లేడు. అదే రాయ్ 1939లో ఇస్లాం చారిత్రక పాత్ర మీద పుస్తకం వేసి, అది పుట్టించిన సమానత్వాన్ని నిండు మనసుతో మెచ్చుకున్నాడు. తేడా మాత్రం తేడానే. మానవవాది, నా గౌరవం నాలోంచే పుట్టింది అంటాడు. ఇస్లాం అది ఇచ్చింది అంటుంది. ఇచ్చినవాడు తప్ప ఇంకెవడూ తీసెయ్యలేడంటుంది. రాజు తీసెయ్యలేడు, గుంపు తీసెయ్యలేదు, మనిషి తనంతట తానూ తీసేసుకోలేడు. అందుకే ఆత్మహత్య నిషిద్ధం. ఒక్కణ్ణి అన్యాయంగా చంపితే మానవజాతినంతా చంపినట్టని, ఒక్క ప్రాణం కాపాడితే అందర్నీ కాపాడినట్టని ఖురాన్ అన్నది ఈ లెక్కనే. ఆ మాటను తుంగలో తొక్కి ఇస్లాం పేరుతోనే హత్యలు చేసినవాళ్ళు, దేవదూతల సందేహాన్ని నిజం చేసినవాళ్ళు.

ఈ గౌరవం ముస్లింకే పరిమితమా అని పాఠకులు అడగవచ్చు. ఖురాన్ గౌరవించానన్నది ఆదము సంతతిని. ఒక శవయాత్ర పోతుంటే ప్రవక్త లేచి నిలబడ్డారు. అది యూదుడి శవమని పక్కవాళ్ళు అంటే, అదీ ఒక ప్రాణం కాదా అన్నారు. ఆ సంగతి బుఖారీ సంకలనంలో ఉంది. కోవిడ్ రోజుల్లో తిరుపతిలో ముస్లిం యువకులు బృందంగా ఏర్పడి, అయినవాళ్ళే దగ్గరకు రాని శవాలను, ఏ మతం వాళ్ళవైనా, వాళ్ళ వాళ్ళ పద్ధతిలో సాగనంపారు. హిందువు శవానికి దహనం, క్రైస్తవుడికి పెట్టె. వాళ్ళను ఎవరూ వాదించి ఒప్పించవలసిన పని లేకపోయింది.

మళ్ళీ బాకీ దగ్గరికి వస్తాను. ఇస్లామీ ధర్మశాస్త్రంలో హక్కులు రెండు రకాలు. హక్కు అన్న మాట కూడా అరబీ నుంచి మనం తెచ్చుకున్నదే. ఒకటి అల్లాహ్ హక్కు: నమాజు, ఉపవాసం వంటివి. రెండోది తోటి మనుషుల హక్కు. మొదటిదాంట్లో లోపం జరిగితే పశ్చాత్తాపపడినవాణ్ణి ఆయన క్షమిస్తాడు. రెండోదాంట్లో, నష్టపోయినవాడి బాకీ తీర్చాలి, లేదా వాడే మాఫీ చెయ్యాలి. దివాలా తీసినవాడంటే ఎవరో తెలుసా అని ప్రవక్త ఒకసారి అడిగారు. డబ్బులేనివాడని అనుచరులన్నారు. కాదు, నమాజులూ ఉపవాసాలూ దానాలూ మూటకట్టుకుని వచ్చి, ఒకణ్ణి తిట్టినందుకు, ఒకడి సొమ్ము తిన్నందుకు, ఒకణ్ణి కొట్టినందుకు ఆ పుణ్యమంతా వాళ్ళకు పంచి చేతులు ఖాళీ అయ్యేవాడని చెప్పారు. రుణమాఫీ అన్న మాట మనకు ఎన్నికల్లో బాగా అలవాటైంది. ఇక్కడ ఆ మాఫీ ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు. బట్టలకొట్టాయన ప్రకటించాలి.

చదవాలనుకున్నవాళ్ళకు తెలుగులో దారి ఎప్పటినుంచో ఉంది. చిలుకూరి నారాయణరావు ఖురాన్ తెలుగు అనువాదం 1925లో వచ్చింది. తర్వాత ముస్లిం పండితుల అనువాదాలూ వచ్చాయి. మన పక్కింటివాళ్ళు మనిషిని ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి మనం అరబీ నేర్చుకోనక్కర్లేదు.

ఆ రోజు ఖబరస్తాన్‌లో శవాన్ని కుడిపక్కకు, కాబా దిక్కుకు తిప్పి పడుకోబెట్టారు. అందరూ మూడేసి గుప్పెళ్ళ మట్టి వేశారు. ఈ మట్టిలోంచే వచ్చాం, ఇందులోకే పోతాం, మళ్ళీ ఇందులోంచే లేస్తాం అనే అర్థం వచ్చే అరబీ మాటలు మెల్లిగా వినబడ్డాయి. మన ఊళ్ళల్లో దాన్ని మట్టి చెయ్యడం అంటాం. నేనూ మూడు గుప్పెళ్ళు వేశాను. సముద్రం దగ్గరి నేల గనక ఇసుక కలిసిన మన్ను, వేళ్ళ సందుల్లోంచి జారింది.

తర్వాతి శుక్రవారం నమాజు కాగానే పెద్దకొడుకు బట్టలకొట్టుకు వెళ్ళి డబ్బు కట్టాడు. కొట్టాయన లెక్కపెట్టి గల్లాపెట్టెలో వేసుకుని, పద్దుల పుస్తకం తీసి, ముసలాయన పేరు పక్కన చెల్లు అని రాశాడు.